700 గుర్రాలున్నా లైటు పడగానే అక్కడే గిర్రున తిరుగుతోంది: ఎఫ్-150 లాంచ్ ఎలా చెయ్యాలి?

#1 ప్లేనో_పికప్ | శనివారం, రాత్రి 11:52

అందరికీ నమస్కారం. ఇప్పుడే ఎన్నిస్‌లోని డ్రాగ్ ట్రాక్ (పావు మైలు పందేలు జరిగేది) నుంచి ఇంటికొచ్చా, ఇంకా బూట్లు కూడా విప్పలేదు. కడుపు మంట ఆగక రాస్తున్నా.

బండి: 2021 ఫోర్డ్ ఎఫ్-150 పికప్, రెగ్యులర్ క్యాబ్, పొట్టి బెడ్ (వెనక తొట్టి), ఫోర్ బై ఫోర్. 5.0 వీ8, పది గేర్ల ఆటోమేటిక్, వెనక యాక్సిల్ గేరు 3.55. ఎండాకాలంలో 3.0 లీటర్ల సూపర్‌ఛార్జర్ (ఇంజిన్‌లోకి గాలి ఎక్కువ తోసేది) పెట్టించా. కిట్ లెక్క ప్రకారం 700 హార్స్‌పవర్, 590 పౌండ్-అడుగుల టార్క్. లారీల తూకం దగ్గర నాతో కలిపి 4,780 పౌండ్లు తూగింది.

హైవే మీద రాకెట్టే. టెక్సస్ మోటర్‌ప్లెక్స్‌లో ఇవాళ మాత్రం పక్క లేన్లో పాత మస్టాంగ్ వాడు నన్ను లైటు దగ్గరే వదిలేసి పోయాడు. పచ్చ లైటు, ఫుల్ గ్యాస్, నాలుగు టైర్ల అరుపు, స్టీరింగ్ కుడికి ఒక గుంజు, ఆ తర్వాత ఎప్పటికో కదిలింది. నాలుగు పరుగులు తీస్తే నాలుగూ అంతే. ఇంజిన్‌లో ఏదైనా తేడా ఉందా? ట్యూన్ చేసినవాణ్ణి అడిగితే "బండి బానే ఉంది" అని ఫోన్ పెట్టేశాడు.

#2 కరీంనగర్_కోయోటి | ఆదివారం, ఉదయం 7:10

అన్నా, ముందుగాల స్లిప్ (ట్రాక్ వాళ్లిచ్చే టైముల చీటీ) పెట్టు. స్లిప్ లేకుంట ఇంజిన్ గురించి మాట్లాడుడంటే రక్తపరీక్ష లేకుంట మందు రాసుడే. టైర్లు ఏవి? ఫోర్-ఏ (అవసరమైతేనే ముందు చక్రాలకు శక్తి) లోనా, ఫోర్-హెచ్ (ఎప్పుడూ నాలుగింటికీ) లోనా?

#3 ప్లేనో_పికప్ | ఆదివారం, ఉదయం 8:34

నాలుగింట్లో మంచిది ఇదే:

ఆర్/టీ (లైటు పడ్డాక నేను కదలడానికి పట్టిన టైము) .812
60 అడుగులు 2.04
330 అడుగులు 5.35
1/8 మైలు 8.03, వేగం 92.6
1/4 మైలు 12.31, వేగం 116.4

టైర్లు బండితో వచ్చిన సైజే, 275/65ఆర్18, ఆల్-టెరైన్. గాలి 38. ఫోర్-ఏ లో పెట్టా. ట్రాక్షన్ కంట్రోల్ బటన్ ఒకసారి నొక్కా, ఆగిపోయిందనుకున్నా.

#4 అరవై_అడుగుల_రాణి | ఆదివారం, ఉదయం 9:02

తమ్ముడూ, నీ ఇంజిన్‌కి దిష్టి తియ్యి, దానికేం కాలేదు. ఆ స్లిప్‌లో చివరి రెండు వరసలు చూడు. సగం దూరం నుంచి చివరిదాకా నీకు పట్టింది 4.28 సెకన్లు. 116 మైళ్ల వేగంతో గీత దాటావు. ఈ బరువుకి ఆ వేగం రావాలంటే 600 దాకా నిజంగానే నేలకి దిగుతుండాలి. ఈ గుర్రాలకి 11.6 రావాలి. పోయిన ఆ 0.7 సెకను దాదాపు మొత్తం మొదటి 330 అడుగుల్లోనే పోయింది, అందులోనూ సగానికి పైగా మొదటి 60 అడుగుల్లో.

నేను తోలేది ర్యామ్ టీఆర్‌ఎక్స్. 702 గుర్రాలు, ఆరు వేల పౌండ్ల పైన బరువు. కంపెనీ వాడే లాంచ్ కంట్రోల్ ఇచ్చాడు, 35 అంగుళాల టైర్లు ఇచ్చాడు. అయినా నా మొదటి రోజు 60 అడుగులు 2.1. సిగ్గుపడాల్సిందేం లేదు.

#5 అనంతపురం_యాక్సిల్ | ఆదివారం, ఉదయం 10:47

నేను ఫోర్ట్ వర్త్‌లో ట్రాన్స్‌మిషన్ పని చేస్తాను అన్నా. ఒక లెక్క చెప్తా, కాగితం తీసుకో.

నీ పది గేర్ల డబ్బాలో మొదటి గేరు 4.696. దాన్ని 3.55 తో గుణిస్తే 16.67. నీ 590 టార్క్‌ని దాంతో గుణిస్తే యాక్సిల్ దగ్గర 9,800 చిల్లర. నీ టైరు 32 అంగుళాలు, అంటే సగం 1.34 అడుగులు. భాగిస్తే నేలని వెనక్కి తోసే బలం 7,300 పౌండ్ల పైమాట. దారిలో పోయే నష్టం తీసేసినా, టార్క్ కన్వర్టర్ (ఇంజిన్‌కీ గేర్ల డబ్బాకీ మధ్య నూనెతో శక్తి అందించేది) పెంచేది కలపకపోయినా, నీ బండి బరువెంత? 4,780. మంచి రబ్బరు మంచి నేల మీద తన మీద పడిన బరువంత బలాన్నే పట్టుకుంటుంది, ట్రాక్ మీద జిగురుంటే ఇంకొంచెం ఎక్కువ. నువ్వు ఏడు వేలు ఇస్తే తిరగక ఏం చేస్తాది?

ఇప్పుడు రెండో గేరు చూడు, 2.985. అదే లెక్క చేస్తే 4,680. దాదాపు నీ బండి బరువంతే. అంటే రెండో గేరు పడిందాకా నీ కాలు సగానికి పైన పోకూడదు. టూ-హెచ్‌లో (వెనక చక్రాలకే శక్తి) అయితే ఇంకా అన్యాయం. ఖాళీ పికప్ వెనక టైర్ల మీద రెండు వేల పౌండ్లు ఉంటే గొప్ప.

మొదటి గేరు ట్రెయిలర్ లాగేదానికి ఇచ్చినారు అన్నా. దాన్ని పట్టుకొని నువ్వు రాకెట్ అంటాండావు.

#6 కూకట్‌పల్లి_కుర్రోడు | ఆదివారం, ఉదయం 11:15

బ్రో, కొంచెం తెలివితక్కువ ప్రశ్న. ట్రక్కు అంటే లారీ కదా? లారీలతో రేసులేంటి?

#7 టార్క్ తాత | ఆదివారం, ఉదయం 11:40

అబ్బాయ్, ఇక్కడ వెనకాల తొట్టి ఉన్న ప్రతిదీ ట్రక్కే. పాలూ, పెరుగూ తెచ్చుకోవడానికి కూడా అందులోనే వెళ్తారు. మనవాళ్లు లారీ అనేదాన్ని వీళ్లు సెమీ అంటారు.

వీటితో రేసులు కొత్తేం కాదండోయ్. 1991లో జీఎంసీ వాడు సైక్లోన్ అని ఒక చిన్న పికప్ తెచ్చాడు. 4.3 లీటర్ల వీ6కి టర్బో, 280 గుర్రాలు, నాలుగు చక్రాలకీ శక్తి. ఆ ఏడాదే ఒక పత్రిక దాన్ని ఫెరారీ 348 పక్కన నిలబెడితే పావు మైలులో పికప్పే ముందు వెళ్లింది. 280తో ఎలా గెలిచిందో తెలుసా? ఫెరారీవాడు వెనక రెండు టైర్లతో తంటాలు పడుతుంటే ఇది నాలుగింటితో పాకేసింది. ఇరవై ఏళ్ల కిందట నా దగ్గర 2001 ఎఫ్-150 లైట్నింగ్ ఉండేది. సూపర్‌ఛార్జరే, 380 గుర్రాలు, వెనక చక్రాలు మాత్రమే. వాన పడితే పెళ్లివారి గుర్రంలా పక్కకే నడిచేది.

ఎన్నిస్ గురించి ఒక మాట. బిల్లీ మేయర్ 1986లో కట్టించినప్పుడు పావు మైలూ కాంక్రీటే పోశాడు. 1988లో ఎడ్డీ హిల్ టాప్ ఫ్యూయల్‌లో (డ్రాగ్ రేసుల్లో అన్నిటికంటే వేగమైన తరగతి) అయిదు సెకన్ల లోపు మొట్టమొదటి పరుగు తీసింది అక్కడే, 4.990. ఆ నేలకి పట్టు లేదని మాత్రం అనకు.

#8 కూకట్‌పల్లి_కుర్రోడు | ఆదివారం, మధ్యాహ్నం 12:03

థాంక్స్ తాతా. అయితే బరువు తక్కువైతేనే కదా వెనక టైర్లు తిరిగేది? ఇండియన్ స్టోర్ నుంచి 40 పౌండ్ల సోనా మసూరి బస్తాలు పది తెచ్చి బెడ్‌లో వేస్తే?

#9 కరీంనగర్_కోయోటి | ఆదివారం, మధ్యాహ్నం 12:09

😂😂 చెకింగ్ దగ్గర టెక్ ఆయన నిన్నూ బస్తాలనూ కలిపి ఇంటికి పంపుతడు. బెడ్‌ల విడిగా ఒక్క పానా ఉన్నా తీసెయ్యమంటరు. అదనపు బరువు వెయ్యాల్నంటే బోల్టులేసి బిగించాలె. నూరు మైళ్ల స్పీడ్‌ల బస్తా పగిలితే ట్రాక్ నిండా అక్షింతలే.

ఇంకోటి, వంద పౌండ్లు ఎక్కితే పావు మైలుల దగ్గర దగ్గర పదో వంతు సెకను పోతదంటరు. ఫోర్ బై ఫోర్ బండికి బరువు కలుపుడు కాదు, తీసుడే. స్పేర్ టైరు దించు, బెడ్‌ల డబ్బా దించు, ట్యాంక్ పావు వంతు ఉంచు.

#10 బ్యాటరీ_బావ | ఆదివారం, మధ్యాహ్నం 1:20

మీ లెక్కలన్నీ చదివాక నా రివియన్‌కి దణ్ణం పెట్టుకొచ్చా. నాలుగు మోటార్లు, 835 గుర్రాలు, ఏ చక్రం జారుతోందో అదే చూసుకుంటుంది. నా పని పెడల్ తొక్కడమే.

#11 అరవై_అడుగుల_రాణి | ఆదివారం, మధ్యాహ్నం 1:31

బావగారూ, వచ్చిన ప్రతి పోస్టులోనూ ఇదే పాట. ఆనందం మీది, పెడల్ మాది. టాపిక్‌లోకి రండి.

ప్లేనో తమ్ముడూ, ఇప్పుడు వరసగా చెప్తా. లైట్ల దగ్గరికి రాకముందే సగం పని అయిపోవాలి.

ఏసీ కట్టెయ్. ఏసీ నీళ్లు గీత దగ్గర కారితే నీ వెనక వచ్చేవాడు జారతాడు, రేసు మొదలుపెట్టించే స్టార్టర్ ఊరుకోడు. నీళ్ల గుంట మీంచి వెళ్లకు, చుట్టూ తిరిగి రా. అది నున్నటి స్లిక్కుల వాళ్లకి. నీ ఆల్-టెరైన్ గాళ్లు ఆ నీళ్లని గాడుల్లో మోసుకొచ్చి సరిగ్గా స్టేజ్ గీత మీద వదిలేస్తాయి. గుంట దాటాక టూ-హెచ్‌లో వెనక టైర్లు రెండు సెకన్లు తిప్పు, మట్టి రాలిపోయేదాకా, అంతే. ఫోర్-హెచ్‌లో మాత్రం బర్నవుట్ వద్దు. ముందు యాక్సిల్ ఉసురు తగులుతుంది.

ట్రాక్షన్ బటన్ ఒక్క నొక్కుకి పూర్తిగా ఆగదు. బండి నిలబెట్టి, డాష్‌లో పూర్తిగా ఆఫ్ అయినట్టు మెసేజ్ వచ్చేదాకా నొక్కి పట్టుకో. నీ స్టీరింగ్ గుంజింది కదా, ఆ సగం ఆఫ్ కంప్యూటరే ఒక పక్క బ్రేకు పట్టి ఉంటుందని నా అనుమానం. పూర్తిగా ఆపాక కాపాడేది నీ చెయ్యే, పక్కకి జారిందంటే కాలు తీసెయ్. పంతాలు వద్దు.

ఆ తర్వాత స్టేజింగ్, అంటే గీత దగ్గర బండిని సరిగ్గా నిలబెట్టడం. మొదటి బల్బు వెలగ్గానే ఆగు. ఒక ఊపిరి తీసుకో. ఎడమకాలు బ్రేకు మీద, బండి చీమలా పాకాలి. రెండో బల్బు వెలిగీ వెలగగానే ఆపెయ్. ఒక్క అంగుళం కూడా ముందుకి పోనివ్వకు. ముందు చక్రం గీత మీది ఆ కాంతి కిరణంలోంచి బయటపడితేనే గడియారం మొదలవుతుంది కాబట్టి, అంచున నిలబడ్డవాడికి ఓ అడుగు దాకా ఉచిత పరుగు దొరుకుతుంది. నీ .812 రియాక్షన్ గురించి ఇప్పుడు బెంగ వద్దు. అది ఈటీలో (గీత నుంచి చివరిదాకా పట్టిన టైము) కలవదు, పక్కవాడితో పందెంలోనే లెక్క.

ఇక కాలు. బ్రేకు పట్టి 1,500, మహా అయితే 1,800 దాకా లేపు. మూడో పసుపు వెలగ్గానే బ్రేకు వదిలి సగం గ్యాస్. పూర్తిగా కాదు! బండి ముక్కు పైకి లేచి, వెనక కూర్చున్నట్టు నడుముకి తెలుస్తుంది. అది తెలిశాకే మిగతా సగం. "ఒకటీ రెండూ" అని నోట్లో అనుకునేంత సేపు చాలు. ఇంట్లో చపాతీ పిండి నొక్కినట్టు నొక్కాలి, బొద్దింకని తొక్కినట్టు కాదు.

#12 ప్లేనో_పికప్ | ఆదివారం, మధ్యాహ్నం 2:15

అక్కా, నేను బొద్దింకనే తొక్కా 🙏

ఫోర్-హెచ్ పెట్టమంటారా, ఫోర్-ఏ నా? యూట్యూబ్‌లో తలో మాట.

#13 కరీంనగర్_కోయోటి | ఆదివారం, మధ్యాహ్నం 2:40

ఫోర్-హెచ్, సందేహమే వద్దు. నేను నా బండి మీద రెండూ చేసి చూసిన. ఫోర్-ఏ ల ముందు వెనక టైర్లు జారుతయ్, తర్వాత క్లచ్ ముందు చక్రాలను ఒక్క దెబ్బకు అందుకుంటది. ఆ దెబ్బకే నీ స్టీరింగ్ గుంజింది. ఫోర్-హెచ్‌ల మొదటి నుంచే రెండు యాక్సిళ్లు కలిసి గుంజుతయ్. నాకు 60 అడుగులల్ల దగ్గర దగ్గర పదో వంతు తేడా వచ్చింది.

#14 అనంతపురం_యాక్సిల్ | ఆదివారం, సాయంత్రం 4:05

కోయోటి అన్న పదో వంతు చెప్పినాడు, బిల్లు చెప్పలేదు. పొడి నేల మీద ఫోర్-హెచ్ వాడొద్దని బండి పుస్తకంలోనే రాసిండారు. ముందూ వెనకా యాక్సిళ్లు ఒకదానికొకటి తాళం పడినట్టు ఉంటాయి, మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం పోవాలంటాయి, వెనకవి వద్దంటాయి. ఆ కొట్లాట అంతా చైను మీద, ముందు డిఫరెన్షియల్ మీద పడతాది.

పోయిన నెల ఒక బండి మా దగ్గరికి ట్రెయిలర్ మీద వచ్చింది. ఫోర్-హెచ్‌లో పెట్టి, బ్రేకు పట్టి, 2,500 దాకా లేపి వదిలినాడంట. ముందు ఎడమ పక్క సీవీ జాయింటు (చక్రానికి శక్తి అందించే కీలు). కప్పు మూడు ముక్కలు. రబ్బరు బూటు చినిగి గ్రీజంతా చక్రం లోపల పూసినట్టు ఉండాది. ఆ పిల్లోడు "టక్ అనింది, అంతే" అంటాడు. టక్ అనేది ఒకసారే అప్పా, రెండోసారి అనేదానికి ఏం మిగలదు.

పెట్టాలనుకుంటే పెట్టు, కానీ 1,500 దాటొద్దు. గీత దాటి నెమ్మదించినాక, పక్కకి మళ్లేలోపలే టూ-హెచ్‌కి వచ్చెయ్. బ్రేకు, గ్యాసు రెండూ కలిపి అయిదు సెకన్లు పట్టుకోవద్దు. కన్వర్టర్‌లో నూనె పకోడీల మూకుడు మాదిరి కాగుతాది.

#15 కరీంనగర్_కోయోటి | ఆదివారం, సాయంత్రం 4:22

2,500 లేపుమని నేను అన్లే. 1,500 అయితే నేనూ ఒప్పుకుంట.

#16 టార్క్ తాత | ఆదివారం, సాయంత్రం 6:30

ఎవరూ అనలేదు కాబట్టి నేను అంటా. అబ్బాయ్, ఆ టైరు పక్కన సైజు తర్వాత ఒక అక్షరం ఉంటుంది, వెళ్లి చూడు. క్యూ అంటే 99 మైళ్లు, ఆర్ అంటే 106, ఎస్ అంటే 112, టీ అంటే 118. ఆల్-టెరైన్లలో మొదటి మూడు రకాలు చాలా ఉంటాయి. నువ్వు 116లో వెళ్తున్నావు. పైగా పట్టు కోసమని రేపు గాలి కూడా తీసేస్తావు. గాలి తగ్గిన టైరు, రెండు టన్నుల పైన బండి, చెయ్యగల వేగం కంటే ఎక్కువ వేగం. నేను చెప్పేది ఈటీ గురించి కాదు.

#17 ప్లేనో_పికప్ | ఆదివారం, సాయంత్రం 6:58

ఇప్పుడే ఫోన్ లైటు వేసి చూసొచ్చా. ఎస్.

తాతగారూ, మాట పడిపోయింది. వీటితో మళ్లీ ట్రాక్ ఎక్కను.

#18 అరవై_అడుగుల_రాణి | ఆదివారం, రాత్రి 8:11

మంచి పని. వీధిలో నడవడానికి అనుమతి ఉన్న డ్రాగ్ రేడియల్స్ (మెత్తటి రబ్బరు రేసు టైర్లు) తీసుకో. వెనక రెండే కొని డబ్బు మిగుల్చుకుందాం అనుకోకు. ఫోర్ బై ఫోర్‌లో నాలుగూ ఒకే ఎత్తు ఉండాలి, లేదంటే అనంతపురం తమ్ముడికి ఇంకో బేరం. ఇంటి దగ్గర తోలే గాలి వేరు, అక్కడ వేరు. టైరు కంపెనీ చెప్పిన అంకెతో మొదలుపెట్టి, పరుగుకి ఒక్కో పౌండు మార్చి, ప్రతి స్లిప్ వెనకా గాలి ఎంతో రాసుకో. ఇంటికి బయల్దేరే ముందు మళ్లీ కొట్టించు.

వెనక పట్టీ స్ప్రింగులు కాబట్టి పట్టు దొరికాక యాక్సిల్ మెలితిరిగి గంతులేయచ్చు. బండి దడదడ ఎగిరితే వెంటనే కాలు తీసెయ్. దానికి ట్రాక్షన్ బార్లు ఉన్నాయి, అది తర్వాతి జీతంలో.

హెల్మెట్ ఉందా? 13.99 గానీ అంతకంటే వేగం గానీ అయితే తప్పనిసరి. నిన్న ఎలా రానిచ్చారో!

#19 ప్లేనో_పికప్ | ఆదివారం, రాత్రి 8:20

హెల్మెట్ ఉంది అక్కా, కోయోటి అన్నదే అరువు. నిక్కరు వేసుకెళ్తే మాత్రం వెనక్కి పంపారు. పార్కింగ్‌లో మా రూమ్మేట్ ప్యాంటు వేసుకున్నా. నాకు రెండంగుళాలు పొట్టి.

#20 కరీంనగర్_కోయోటి | ఆదివారం, రాత్రి 8:24

ఆ ఫోటో నా దగ్గరున్నది. అడిగితే పెడుత.

#21 ప్లేనో_పికప్ | మూడు వారాల తర్వాత, శనివారం, రాత్రి 11:20

స్లిప్ ముందు పెట్టి తర్వాత మాట్లాడతా.

ఆర్/టీ .744
60 అడుగులు 1.66
330 అడుగులు 4.74
1/8 మైలు 7.36, వేగం 94.3
1/4 మైలు 11.62, వేగం 117.8

ఇంజిన్ మీద ఒక్క బోల్టు ముట్టుకోలేదు. నాలుగు డ్రాగ్ రేడియల్స్, స్పేర్ టైరు ఇంట్లో, పావు ట్యాంకు. మొదటి పరుగు ఫోర్-ఏ లో 1.79 వచ్చింది. రెండోది ఫోర్-హెచ్, 1,500, సగం కాలు, 1.71. మూడోసారి 1,700 లేపా, అదే పైన పెట్టింది. ముక్కు లేవడం నడుముకి తెలుస్తుందని అక్క రాసినప్పుడు కవిత్వం అనుకున్నా. నిజంగా తెలుస్తుంది. సీటు వెనక్కి పట్టుకుంటుంది, టైర్ల అరుపు ఉండదు, ఒక్క "హుఫ్" అనే శబ్దం. అప్పుడు మిగతా సగం తొక్కితే రెండో గేరు పడేసరికి పక్క లేన్ ఖాళీ. చలి బాగా ఉంది, ఆ గాలి కూడా కలిసొచ్చి ఉంటుంది.

నాలుగోసారి ఆత్రంతో పది నిమిషాలకే మళ్లీ లైన్లోకి వెళ్లా. సూపర్‌ఛార్జర్ వేడెక్కి కంప్యూటర్ టైమింగ్ లాగేసింది, అంటే ఇంజిన్ శక్తి తగ్గించింది. 11.94, వేగం 114. ఆ తర్వాత బానెట్ లేపి నలభై నిమిషాలు ఆగి, తెచ్చుకున్న పులిహోర తిన్నా.

ఒక్క పొరపాటు. ఆ 11.62 చూసిన ఆనందంలో, మలుపు తిరిగేటప్పుడు టూ-హెచ్‌కి మార్చడం మర్చిపోయా. ముందు నుంచి కటకటమని నాలుగు సార్లు, బండి కప్పలా గెంతింది. మార్చాక ఆగిపోయింది. ఇంటిదాకా ఏ శబ్దం లేదు. అనంతపురం అన్నా, భయపడాలా?

#22 బ్యాటరీ_బావ | శనివారం, రాత్రి 11:31

మా దాంట్లో మలుపు తిరిగితే మలుపే తిరుగుతుంది.

#23 అరవై_అడుగుల_రాణి | శనివారం, రాత్రి 11:38

1.66! శెభాష్ తమ్ముడూ. ఇంకో 0.13 సెకను తగ్గితే 11.49. అక్కడి నుంచి రోల్ బార్ (బోల్తా పడితే కాపాడే ఇనప కమ్మీ) నిబంధన మొదలవుతుంది. 2008 నుంచి వచ్చిన బళ్లకి బెల్టులు, ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ కంపెనీ ఇచ్చినట్టే ఉంటే కొంత సడలింపు ఉంది. నీ బండికి వర్తిస్తుందో లేదో టెక్ టేబుల్ దగ్గర ముందే అడుగు. పరుగయ్యాక వాళ్లు చెప్తే ఆ రోజుకి ఇంటికే.

#24 అనంతపురం_యాక్సిల్ | ఆదివారం, ఉదయం 6:50

నాలుగు సార్లకే ఏం కాదులే. అయినా చూడకుండా మళ్లీ ట్రాక్ ఎక్కొద్దు. ముందు డిఫరెన్షియల్ నూనె కొంచెం తీసి చూడాల, అందులో మెరుపు పొడి కనపడితే అప్పుడు భయపడదాం. సీవీ బూట్లు కూడా చూస్తా. శనివారం పొద్దున తీసుకురా, కింద పడుకొని చూస్తే అరగంట పని.

కూలీ వద్దు. సోనా మసూరి ఒక బస్తా చాలు. బెడ్‌లో విడిగా వేసుకొచ్చినా నేను టెక్ ఆయన మాదిరి వెనక్కి పంపను.